దొంగ క్లిక్కు

మరిది కొత్త కెమెరాను పెట్టెలోంచి బయటికి తీసిన తీరు చూస్తే, ఎవరైనా పసిబిడ్డను ఎత్తుకుంటున్నాడనుకుంటారు. పైన అట్ట, అట్ట కింద స్పాంజి, స్పాంజి కింద సంచి, ఆ సంచిలో ఇంకో సంచి. స్టూడియో కౌంటరు మీదున్న పాస్‌పోర్టు ఫొటోల కవర్లన్నీ పక్కకు జరిపి, మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద కూర్చోబెట్టాడు. వదిన చూస్తూ నిలబడింది. ఆమె మెడలో పాత కెమెరా వేలాడుతోంది. పదకొండేళ్ళుగా అక్కడే వేలాడుతోంది కాబట్టి పట్టీ రాసుకుని మెడకు ఎడమపక్క ఒక నల్లటి గీత పడింది. ఆ గీతను ఆమె ఎన్నడూ దాచుకోలేదు.

వీధిలో అందరూ ఆమెను ఫొటోలక్క అంటారు. ఆ పాత కెమెరా కొన్ననాడు కూడా పెద్ద గొప్పదేం కాదు, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేసిన చిన్న రకం. చేతి పట్టు దగ్గర రబ్బరు రెండుసార్లు ఊడితే రెండుసార్లూ జిగురు పెట్టి అతికించింది. బ్యాటరీ మూత నిలవనంటే గాయాలకు వేసే ప్లాస్టరు వేసింది. పైన తిప్పే చక్రం మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. ఏది ఎక్కడుందో ఆమె బొటనవేలికి తప్ప మరో నరమానవుడికి తెలియదు. అయినా పనిచెయ్యనని అది ఒక్కరోజు కూడా మొండికెయ్యలేదు.

ఆమె పెళ్ళయి వచ్చేనాటికి మరిది బడి సంచీ మోస్తున్నాడు. పెద్దయ్యాక వీడియో ఎడిటింగ్ నేర్చుకుని, మూడేళ్ళు వేరేచోట పనిచేసి, ఇప్పుడు ఇంటి స్టూడియోలోనే చేరాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో అంతకంటే ఎక్కువ ఉంది. కొత్త కెమెరా గుణగణాలు ఏకరువు పెట్టడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాయి. సెకనుకు ముప్పై ఫొటోలు తీస్తుందట. మసక వెలుతురులో కూడా మనిషి కన్ను ఎక్కడుందో వెతికి పట్టుకుని, తల తిప్పినా వదలదట. పాత రకం కెమెరాలో నొక్కిన ప్రతిసారీ లోపల ఒక అద్దం లేచి పడుతుంది, దాన్నుంచే ఆ ఠక్కుమనే చప్పుడు. కొత్తదాంట్లో అద్దమే లేదు కాబట్టి చప్పుడూ లేదు. ప్రొఫెషనల్ అంటే ఇదీ అని మరిది ముగించేసరికి అన్నగారు చెయ్యి కూడా కడుక్కున్నాడు.

"రెండింటినీ పక్కపక్కన పెట్టి తీద్దాం. మాటలెందుకు?" అంది వదిన.

గోడ కొయ్యకు మామగారి పాత కోటు ఇంకా వేలాడుతూనే ఉంది. స్టూడియో పెట్టింది ఆయనే, పోయి ఆరేళ్ళయింది. కిటికీ వెలుతురులో ఆ కోటును రెండు కెమెరాలతోనూ తీశారు. ప్రింటింగు, ఫ్రేములు చూసుకునే ఆమె భర్త రెండింటినీ ఒకే కొలతలో పెద్దగా ప్రింటు వేసి, నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో చూశాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ అనిపించే మనిషి, ఆనాటి మాటలన్నీ అక్కడే ఖర్చుపెట్టాడు. కొత్తదాంట్లో కోటు దారం దారం లెక్కపెట్టొచ్చన్నాడు. పాతదాంట్లో నీడ పడినచోటల్లా ఆవాలు చల్లినట్టుందన్నాడు. వదిన కూడా వంగి చూసింది. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడానికి ఆమెకు నామోషీ లేదు.

"కోటు వరకూ కొత్తదే గెలిచింది," అంది.

మరిది ఆ 'వరకూ' అన్న మాటను పట్టించుకోలేదు. గెలుపు మీదున్నవాడికి వినబడే మాటలు తక్కువ. పాతదాన్ని ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేద్దామన్నాడు, షాపువాణ్ణి అడిగి కూడా వచ్చాడట. ఆ తర్వాత అసలు మాట బయటపెట్టాడు. "వదినా, ఇన్నేళ్ళు కష్టపడ్డావు. ఇక నువ్వు కౌంటరు చూసుకో. తీసే పని నాకు వదిలెయ్."

అతను ప్రేమగానే అన్నాడు. అదే ఆమెకు కలుక్కుమంది. కోపంగా అని ఉంటే రెండు దులిపేసి ఊరుకునేది. కౌంటరంటే ఏమిటో ఆమెకు తెలుసు. కవర్ల మీద పేర్లు రాయడం, రేపు రండి అని చెప్పడం. కెమెరా వెనక నిలబడితే ఆమె ఫొటోలక్క. కౌంటరు వెనక కూర్చుంటే ఫలానా ఆయన భార్య, అంతే. ఆ తేడా ఆమెకు చిన్నది కాదు. కానీ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. పనిలో తనను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని ఆమె నమ్మకం, ఆ నమ్మకం ఊరికే గాల్లోంచి రాలేదు.

"ఆసుపత్రి పని ఉందిగా. అక్కడ తేల్చుకుందాం. ఆసుపత్రివాళ్ళకు ఎవరి ఫొటో నచ్చితే వాళ్ళు తీస్తారు, రెండోవాళ్ళు కౌంటర్లో కూర్చుంటారు," అంది. మరిది సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేననడం కూడా ఆమెకు నచ్చలేదు.

ఆసుపత్రి పెట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా, పనిచేసే అరవై రెండు మంది ఫొటోలూ మనిషి ఎత్తులో ప్రింటు వేసి వరండా పొడవునా పెట్టాలని సూపరింటెండెంటుగారి కోరిక. ముందు ఒక్కరిది తీసి చూపించమన్నారు. ఆ ఒక్కరూ పెద్ద సిస్టరు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. విజిటింగ్ టైము దాటిందంటే ఎంతటివాడినైనా గుమ్మం దగ్గరే ఆపేసే మనిషి. ఆవిడ గుర్తింపు కార్డు మీది ఫొటో చూస్తే జ్వరం ఉన్నవాడికి కూడా ఒళ్ళు చల్లబడుతుందని వార్డుబాయిలు చెప్పుకుంటారు. ఆవిడ ఫొటో బాగా వస్తే మిగతా అరవై ఒకటీ వచ్చినట్టేనని సూపరింటెండెంటుగారి లెక్క.

రెండో అంతస్తులో ఉతికిన దుప్పట్లు పేర్చే గదిని ఇచ్చారు. పెద్ద కిటికీ, తెల్లటి గోడ, ఒక స్టూలు. పెద్ద సిస్టరు సరిగ్గా పదకొండింటికి వచ్చి, గడియారం చూసుకుని, ఇరవై నిమిషాలు, అదీ ఒక్కసారే ఇస్తానని చెప్పి కూర్చుంది. మొదట మరిది వంతు. స్టాండు మీద కెమెరా పెట్టి, రిమోటు చేత్తో పట్టుకుని, పక్కకు తప్పుకున్నాడు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పెద్ద సిస్టరు కెమెరాను చూస్తూ కూర్చుంది, కెమెరా ఆవిణ్ణి చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాలయ్యాక ఆవిడ అడిగింది, మొదలెట్టారా అని. రెండొందలు అయ్యాయి సిస్టర్ అన్నాడు మరిది. ఆవిడ మొహం ఇంకాస్త బిగుసుకుంది. ఎప్పుడు తీస్తున్నారో, ఎప్పుడు ఆపుతున్నారో తెలియకపోతే మనిషి మొహం కాపలా వదలదు.

పోనీ చప్పుడు పెడదామని మరిది మెనూలోకి వెళ్ళి బీప్ ఆన్ చేశాడు. బీప్ అనగానే పెద్ద సిస్టరు స్టూలు మీంచి సగం లేచి తలుపు వైపు చూసింది.

"ఏ బెడ్డు?"

ముప్పై నాలుగేళ్ళుగా ఆ శబ్దానికి పరుగెత్తిన కాళ్ళవి, వాటి తప్పేముంది. మరిది బీప్ తీసేసి ఇంకో రకం షట్టరు పెట్టాడు. అది చీమ తుమ్మినట్టుంది, పైగా సెకనుకు ఇన్నేసి తీస్తుంటే ఏది ఆఖరుదో అర్థం కాలేదు. చివరికి వదిన వంతు వచ్చింది. ఒకే మొహం రెండు కెమెరాల్లో ఎలా వస్తుందో చూడాలి కాబట్టి తనదీ నడుస్తూనే ఉంటుందని మరిది అన్నాడు. నడుపుకో నాయనా అంది వదిన.

ఆమె పద్ధతి మామగారి దగ్గర నేర్చుకున్నది. రీలు కెమెరాల రోజుల్లో ముప్పై ఆరు ఫొటోలే కాబట్టి ప్రతిదీ చూసి నొక్కాలి. కెమెరా ముందు కూర్చున్నవాడు మాత్రం కర్రలా బిగుసుకునేవాడు. అందుకని ఆయన రీలు లేని కెమెరా ఒకటి పక్కన పెట్టుకుని, ముందు దాన్ని గట్టిగా ఠక్కుమనిపించి, "అయిపోయింది" అనేవాడు. అవతలివాడు హమ్మయ్య అని ఊపిరి వదిలి, భుజాలు దించి, తన అసలు మొహంలోకి వచ్చేవాడు. అప్పుడు రెండో కెమెరాతో నొక్కేవాడు. ఆయన దీనికి పెట్టిన పేరు దొంగ క్లిక్కు. రీలు పోయి కార్డు వచ్చాక వదిన ఒక్క కెమెరాతోనే రెండూ చేస్తోంది, మొదటి ఠక్కు చూపుకు, రెండో ఠక్కు ఫొటోకు. మరిది ఇంట్లోనే పుట్టి పెరిగినా ఈ సంగతి ఎన్నడూ గమనించలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

వదిన పెద్ద సిస్టరు కాలరు సరిచేసింది. ఒక్కటే తీస్తానంది. కెమెరా ఎత్తి నొక్కింది. ఠక్. దుప్పట్ల గదంతా వినబడింది.

"అయిపోయింది సిస్టర్. చాలా థాంక్స్."

పెద్ద సిస్టరు ఊపిరి వదిలింది. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది. ఆ మొహంలోకి ఎక్కడినుంచి వచ్చిందో ఒక మెత్తదనం వచ్చింది, పడుకున్న పిల్లలకు దుప్పటి సర్దే మనిషి మొహం. వదిన రెండోసారి నొక్కింది. ఠక్. సరిగ్గా దొరికిందని చేతికి తెలిసింది. పెద్ద సిస్టరు లేచి, తన టైము ఇంకా నాలుగు నిమిషాలు మిగిలిందని చెప్పి వెళ్ళిపోయింది.

అప్పుడు వదిన కెమెరా వెనక తెర చూసింది. కార్డు లేదు అని మిణుకుమిణుకుమంటోంది.

పొద్దున ఎవరో తొందరపడుతుంటే పాస్‌పోర్టు ఫొటోలు ఎక్కించడానికి కార్డు తీసి స్టూడియో కంప్యూటరుకు పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నడూ చెయ్యని తప్పు, చెయ్యకూడని రోజునే చేసింది. తన మీద తనకే ఒళ్ళు మండింది. పెద్ద సిస్టర్ని మళ్ళీ కూర్చోమనడం జరిగే పని కాదు, ఆవిడ ఒక్కసారే అని ముందే చెప్పింది. దాచిపెడదామన్న ఆలోచన మాత్రం ఆమెకు రాలేదు. స్టూడియోకు రాగానే భర్త ముందూ మరిది ముందూ ఉన్నమాట చెప్పేసింది. మరిది నవ్వలేదు, అది అతని మంచితనం. కానీ అతని చూపు కౌంటరు వెనక కుర్చీ మీదికి వెళ్ళి వచ్చింది. ఆ చూపు ఆమె గమనించింది.

"నీవి చూపించు," అంది.

కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఏడొందల చిల్లర ఫొటోలు. ప్రతిదాంట్లో కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, కాలరు కుట్టు కూడా కనిపిస్తోంది, పెద్ద సిస్టరు మాత్రం కనిపించడం లేదు. గుమ్మం దగ్గర నిలబడి టైము దాటిందని చెబుతున్న మనిషే ఏడొందల సార్లు. మరిది కిందికి జరుపుతూ పోయాడు. చివర్లో ఉన్నట్టుండి ఆగాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసింది. ఆ తర్వాతి పదీ పన్నెండు ఫొటోల్లో ఆ మెత్తటి మొహం ఉంది. ఒక్కొక్కటీ ఒకదాన్ని మించి ఒకటి ఉంది. కన్ను సూదిమొనంత స్పష్టంగా పడింది. మరిది మొహం వెలిగిపోయింది.

"దొరికింది వదినా. చూశావా, ఇది వదలదని చెప్పానా?"

"టైము చూడు."

చూశాడు. పదకొండూ పధ్నాలుగు. అది వదిన వంతు. ఆమె మొదటి ఠక్కు తర్వాత. ఆమె విడమరిచి చెప్పింది, మామగారి పద్ధతి, ఖాళీ కెమెరా, రెండు క్లిక్కులు. మరిది కాసేపు తల గోక్కుని, అది కాకతాళీయం కావచ్చు కదా అన్నాడు. అంతసేపు కూర్చున్నాక ఎవరైనా అలసిపోతారన్నాడు. తెలివైనవాళ్ళతో ఇదే చిక్కు, కళ్ళెదుట ఉన్నదానికి కూడా ఇంకో కారణం వెతుకుతారు.

"అయితే మీ అన్నయ్యను కూర్చోబెట్టు," అంది వదిన.

ఆమె భర్త పెళ్ళి ఫొటోలో కూడా బోనులో నిలబడ్డవాడిలాగే ఉంటాడు. ఆ తర్వాత తీసినవాటిలోనూ శిక్ష తగ్గలేదు. పైగా ఈ కిటుకు తండ్రి దగ్గర చిన్నప్పటినుంచీ చూసినవాడు. నా దగ్గర కుదరదు, నాకన్నీ తెలుసు అంటూనే వచ్చి కుర్చీలో బిగుసుకున్నాడు. మరిది కొత్త కెమెరాతో మూడు నిమిషాలు తీశాడు. ముద్దాయి కదల్లేదు. అప్పుడు వదిన కార్డు లేని పాత కెమెరాను ఎత్తి ఠక్కుమనిపించింది. మోసమని తెలిసీ, ఇప్పుడే దాని గురించి మాట్లాడి కూడా, ఆయన భుజాలు దిగాయి. ముప్పై ఏళ్ళ కిందటి తండ్రి గొంతు విన్నట్టు పెదవి చివర చిన్నగా వంకర తిరిగింది.

"ఇప్పుడు," అంది వదిన. మరిది నొక్కాడు.

తెర మీద ఆ ఫొటోను మరిది పెద్దది చేసి చూశాడు. అన్నయ్య నాన్నలా ఉన్నాడని మెల్లగా అన్నాడు. ఆమె భర్త లేచి వచ్చి చూసి, ఆ ఫొటోను అడక్కుండానే ప్రింటుకు పంపాడు.

మర్నాడు ఇద్దరూ పెద్ద సిస్టరు ఫొటోను మనిషి ఎత్తు ప్రింటు వేయించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సూపరింటెండెంటుగారు దాన్ని గోడకు ఆనించి, వెనక్కి నడిచి చూసి, మళ్ళీ దగ్గరికి వచ్చి చూసి, ఈవిడ మా సిస్టరేనా అని అడిగారు. చాలా గొప్ప కెమెరా అయి ఉంటుందన్నారు. అవునండీ, కొత్తదండీ అని మరిది మొదలుపెట్టాడు. అయితే మిగతావాళ్ళవి తీసేది మీరేనన్నమాట అన్నారాయన.

వదిన నోరు తెరవబోయింది. కానీ ఆగింది. ఆడిన పందెం ప్రకారం ఆ ఫొటో పడింది మరిది కెమెరాలో. చెప్పాల్సింది అతనే. చెప్పకపోతే ఏం చెయ్యాలో కూడా ఆమెకు తెలుసు, ఆ గదిలోనే సూపరింటెండెంటుగార్ని కుర్చీలో కూర్చోబెట్టి నిరూపిస్తుంది. మరిది ప్రింటు వైపు చూశాడు, అందులో కిటికీలోంచి బయటికి చూస్తున్న పెద్ద సిస్టరు కళ్ళ వైపు. తర్వాత తన మెడలోంచి కొత్త కెమెరా తీసి వదిన మెడలో వేశాడు.

"కెమెరా నాది సార్. ఫొటో మా వదినది. తీసేది కూడా ఆవిడే."

"రేపు తొమ్మిదింటికి మొదలుపెడతాం," అంది వదిన. గొంతు మామూలుగానే ఉంచింది గానీ లోపల ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కౌంటర్లో భర్త కూర్చున్నాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడాల్సి వస్తుందని రెండు రోజులు బెంగపెట్టుకుని, తర్వాత అలవాటుపడ్డాడు. దుప్పట్ల గదిలో వదిన చేతిలో కొత్త కెమెరా, మరిది చేతిలో పాత కెమెరా. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో, ఎంత గట్టిగా నొక్కాలో, అయిపోయింది అనే మాట ఎంత మామూలుగా అనాలో అతను నేర్చుకోవడానికి ఒక రోజు పట్టింది. మొదట్లో అబద్ధమాడుతున్నట్టు మొహం పెట్టేవాడు, ఎదుటివాళ్ళు పసిగట్టేసేవాళ్ళు. నువ్వు ముందు నమ్ము, తర్వాత వాళ్ళు నమ్ముతారు అని వదిన నేర్పింది. ఆమెకూ నేర్చుకోవలసింది ఉంది. సెకనుకు ముప్పై అక్కర్లేదని ఒక్కొక్కటే పడేలా మార్చుకుంది. కన్ను పట్టుకోవడంలో మాత్రం దానికి సాటి లేదని రోజుకు రెండుసార్లయినా అనేది. వంటమనిషి, అంబులెన్సు డ్రైవరు, రక్తం తీసే ఆయన, ముగ్గురు పెద్ద డాక్టర్లు, అందరూ ఠక్కు వినగానే ఊపిరి వదిలారు. మూడో రోజు మధ్యలో షాపువాడు ఫోను చేసి, ఎక్స్‌ఛేంజికి పాత కెమెరా ఎప్పుడు తెస్తున్నారని అడిగాడు.

"ఇప్పుడు కుదరదండీ, అది డ్యూటీలో ఉంది," అన్నాడు మరిది.

ఫ్రేములన్నీ వరండాలో బిగించిన రోజు పొద్దున, ఎవరూ రాకముందే పెద్ద సిస్టరు వచ్చింది. వదిన కింద నిచ్చెన పట్టుకుంటే, మరిది పైకెక్కి చివరి ఫ్రేము సరిచేస్తున్నాడు. పెద్ద సిస్టరు తన ఫొటో ముందు నిలబడింది. అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకుని, ఇంకో అడుగు దగ్గరికి వేసింది. ఫ్రేము మూల మీద లేని దుమ్మును వేలితో తుడిచింది.

"ఇది ఎప్పుడు తీశారమ్మా? నేను చూసుకోలేదే."

"అయిపోయింది అన్నాక తీశాం సిస్టర్."

"అంటే మోసం చేశారన్నమాట," అంది పెద్ద సిస్టరు. వార్డులో అల్లరి చేసేవాళ్ళను మందలించే గొంతుతోనే అంది. కానీ పక్కనే నిచ్చెన మీదున్న మరిది, ఎవరూ చెప్పకుండానే, మెడలో ఉన్న పాత కెమెరాను ఎత్తి ఠక్కుమనిపించాడు. పెద్ద సిస్టరు ఉలిక్కిపడి, తనే ఆపుకోలేక పళ్ళు కనబడేలా నవ్వేసింది. ఆ నవ్వు మెట్ల దాకా వినబడింది.

వదిన అప్పటికే కొత్త కెమెరా ఎత్తి నొక్కేసింది. కార్డు ఉందో లేదో ఆమె పొద్దున్నే రెండుసార్లు చూసుకుంది.